జాడ తెగిన చోట: రూబీ అనే హౌండ్‌కు బాబ్‌క్యాట్ జాడ నేర్పిన కేసు

రూబీ ట్రీయింగ్ వాకర్ జాతి ఆడకుక్క, అంటే వాసన పట్టి జంతువును చెట్టెక్కించే హౌండ్ రకం. మా దగ్గరకు వచ్చేనాటికి రెండేళ్లు నిండాయి. బరువు 24 కిలోలు. కీళ్లు, గుండె, పళ్లు, పాదాలు అన్నీ పరీక్షించాను. వంక పెట్టడానికేమీ లేదు. రాకూన్‌ల మీద రాత్రిపూట బాగా పనిచేసిన కుక్క అది; రాకూన్ అంటే రాత్రి తిరిగే, చెట్లెక్కే చిన్న జంతువు. చెట్టు కింద నిలబడి గంటలకొద్దీ మొరిగే ఓపిక ఉంది. బాబ్‌క్యాట్ (అమెరికాలోని పొట్టితోక అడవిపిల్లి) జాడ మీద వదిలితే మాత్రం మొదటి అరకిలోమీటరు ఉరుకులతో పోయేది. ఆ తర్వాత ఎటూ తోచక గుండ్రంగా తిరిగేది, చివరికి ఏ జింక వాసన తగిలితే దాని వెంట పడేది. దీని ముక్కు పిల్లి జాడకు పనికిరాదని పాత యజమాని తేల్చేశాడు. ఆ తీర్పు నాకు సరైనదని అనిపించలేదు. ఆ మొదటి అరకిలోమీటరులో అది గొంతు విప్పిన తీరు విన్నవాడెవడూ ముక్కు లేదని అనడు. జాడ తెగిన చోట ఆగి వెతకడం మాత్రం దానికి రాదు. నేర్చుకునే అవకాశం ఎవరూ ఇచ్చినట్లు లేదు.

నేను తిరుపతిలో పశువైద్యం చదివి, అమెరికాలో ఐడాహో రాష్ట్రపు నైరుతి మూలలో స్థిరపడినవాణ్ణి. బాబ్‌క్యాట్‌లకు జీపీఎస్ కాలర్లు వేసే పరిశోధనా బృందాలకు హౌండ్లను సిద్ధం చేయడం నా పనిలో ఒక భాగం. కుక్కలు జాడ పట్టి జంతువును చెట్టెక్కిస్తాయి. మేము మత్తు ఇచ్చి, కొలతలు తీసి, కాలర్ వేసి వదిలేస్తాం. ఈ పద్ధతికి ఈ రాష్ట్రంలోనే పెద్ద చరిత్ర ఉంది. 1964లో మారిస్ హార్నాకర్ మధ్య ఐడాహో అడవుల్లో కొండసింహాల (ప్యూమాల) అధ్యయనం మొదలుపెట్టినప్పుడు, విల్బర్ వైల్స్ అనే హౌండ్ల నిపుణుడి కుక్కలే వాటిని చెట్లెక్కించాయి. మంచులో మైళ్లకొద్దీ నడిచి ఆ ఇద్దరూ సేకరించిన వివరాల వల్లే కొండసింహం ఎలా బతుకుతుందో శాస్త్రానికి మొదటిసారి సరిగ్గా తెలిసింది.

ఇది చదివే మన ప్రాంతపు కుక్కల ప్రేమికులకు ఒక మాట ముందే చెప్పాలి. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి జంతువును కుక్కలతో తరమడం కూడా వేట కిందికే వస్తుంది. శిక్షణ కోసమే తరిమామన్నా నేరం నేరమే. మన ఊరి పొలాల్లో తిరిగే జంగుపిల్లి మీద ఇందులో ఏ ఒక్కటీ ప్రయత్నించకండి. అమెరికాలోనూ అన్ని రాష్ట్రాలూ ఒకేలా లేవు. వాషింగ్టన్‌లో 1996లో ప్రజలే ఓటు వేసి బాబ్‌క్యాట్‌లను హౌండ్లతో వేటాడటాన్ని ఆపేశారు. కాలిఫోర్నియా 2012లో చట్టం చేసి నిషేధించింది. ఐడాహోలో అనుమతి తీసుకుని కుక్కలను వాడవచ్చు. ఆ రెండు రాష్ట్రాల నిర్ణయాన్ని నేను గౌరవిస్తాను. అనుమతి ఉన్న చోట ఈ పని చేసేవారు, అలసిన పిల్లిని ఎప్పుడు వదిలేయాలో తెలియకపోతే కుక్కను పెంచకూడదన్నది నా గట్టి అభిప్రాయం.

బాబ్‌క్యాట్ జాడ ఎందుకు కష్టం

మగ బాబ్‌క్యాట్ సగటున తొమ్మిది, పది కిలోలు ఉంటుంది. ఆడది అంతకన్నా చిన్నది. చిన్న ఒళ్లు కాబట్టి నేల మీద, పొదల మీద రాలే చర్మపు పొట్టూ వెంట్రుకలూ తక్కువ. నడకలో వెనుక పాదాన్ని సరిగ్గా ముందు పాదపు గుర్తులోనే వేస్తుంది. నేలకు తగిలే చోట్లు అలా సగానికి తగ్గిపోతాయి. పైగా అది దారి పట్టి పోయే జంతువు కాదు. ఒక పొద కింద కూర్చుని కుందేలు కోసం చాలాసేపు కాస్తుంది. లేచి పడిపోయిన దుంగ మీద నడుస్తుంది, అక్కడి నుంచి రాతి అంచు మీదికి దూకుతుంది. కూర్చున్న చోట వాసన గుంటలా నిలిచి ఉంటుంది. దూకిన చోట ఏమీ ఉండదు. కుక్కకు ఇక్కడ అంతా ఉంది, అక్కడ ఏమీ లేదు.

తరిమితే ఇంకా గడుసు. జింకలా తిన్నగా పోదు. అదే గుబురులో మూడు నాలుగు చుట్లు తిరుగుతుంది. తన జాడ మీదే వెనక్కి వచ్చి పక్కకు ఒక్క దూకు దూకుతుంది. కుక్కలు ముందుకు ఉరుకుతుండగా అది వాటి వెనుక ఉంటుంది. ఎక్కువసేపు పరుగెత్తే ఊపిరి దానికి లేదు కానీ, మా నైరుతి ఐడాహోలోని ఒవైహీ కొండల్లాంటి రాతి కోనల్లో అంత పరుగు అవసరమూ లేదు.

కుక్క ముక్కులో వాసన గ్రాహకాలు 20 కోట్లకు పైనే ఉంటాయని అంచనా. మనిషికి యాభై అరవై లక్షలు. రాకూన్ జాడను రాత్రి తడి గడ్డిలో విప్పగలిగిన కుక్కకు బాబ్‌క్యాట్ వాసన అందదనడం అందుకే నాకు నమ్మశక్యంగా అనిపించలేదు. రాకూన్ జాడ సాధారణంగా కొన్ని గంటలదే. నీటి ఒడ్డున తేమలో ఉంటుంది. దాని మీద వేగం పనికొస్తుంది. రూబీ నేర్చుకున్నది వేగం. బాబ్‌క్యాట్ ముందు అదే దానికి అడ్డుపడింది.

సమస్యను కొలిచిన పద్ధతి

మొదటి శీతాకాలపు ప్రారంభంలో రూబీని ఏ మార్పూ లేకుండా, వచ్చినది వచ్చినట్లే గమనించాను. మంచు పడిన మర్నాడు పొద్దున్నే, జాడ కళ్లకు కనిపించే చోట్ల మాత్రమే వదిలాను. బాబ్‌క్యాట్ గుర్తు గుండ్రంగా, సుమారు ఐదు సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది, గోళ్లు కనిపించవు. కయోటీ (నక్కలాంటి అడవి జంతువు) గుర్తు కోలగా ఉండి గోళ్లు పడతాయి. ఆ తేడా తెలియనివాళ్లు కుక్కను వదలనే కూడదు. తప్పు జంతువు మీద వదిలి, తర్వాత ఆ తప్పుకు కుక్కను శిక్షించేవాళ్లను చూశాను.

కుక్క వెళ్లిన తర్వాత పిల్లి జాడ, కుక్క జాడ రెండింటి వెంటా నడిచి చూశాను. కుక్క మెడలోని గార్మిన్ జీపీఎస్ కాలర్ ఇచ్చే గీతను ఫోనులో పెట్టుకుని, ఎక్కడ గొంతు ఆగిందో గుర్తు పెట్టుకున్నాను. మూడు విషయాలు స్పష్టంగా బయటపడ్డాయి. ఒకటి, పిల్లి మలుపు తిరిగిన ప్రతిచోటా రూబీ వంద గజాలకు పైగా ముందుకు దూసుకుపోయింది. రెండు, వెనక్కి వచ్చి వెతికేటప్పుడు జాడ తెగిన అసలు చోటికి రాకుండా, తాను గందరగోళపడిన చోటి నుంచే చుట్లు మొదలుపెట్టింది. మూడు, చుట్లు తిరుగుతున్నప్పుడు అది పదేపదే వెనక్కి చూసింది. మనిషి వస్తాడని, చేయి చూపిస్తాడని ఎదురుచూపు. ఈ మూడోదే నన్ను బాగా ఆలోచింపజేసింది. రాకూన్ జాడ పట్టే పోటీల్లో కుక్కను త్వరగా తెమిల్చుకోవాలని యజమాని జాడ తెగిన ప్రతిసారీ ముందుకు తీసుకెళ్లి మళ్లీ పట్టించి ఉంటాడు. కుక్క దృష్టిలో జాడ తెగడమంటే మనిషిని పిలవడం.

జింకల పిచ్చి కూడా ఇందులోంచే పుట్టింది. చేసేపని దొరకని కుక్కకు దగ్గర్లో ఏ వాసన బలంగా ఉంటే అదే పని.

జింకలు ముందు, పిల్లి తర్వాత

ఈ వరుస తప్పకూడదు. జింక వెంట పోయే కుక్కను పిల్లి జాడ మీద వదిలితే ఏది జరిగినా మీకు అర్థం కాదు. ఐడాహోలో మ్యూల్ జింకలు శీతాకాలంలో కొండ దిగువకు గుంపులుగా వస్తాయి. లోతు మంచులో వాటిని తరమడం వాటి ప్రాణాలకే ముప్పు, ఎందుకంటే కొవ్వు కరిగిపోతున్న కాలమది.

ఎలక్ట్రానిక్ కాలర్ వాడాను, బటన్ నొక్కితే కుక్క మెడకు చిన్న కరెంటు తాకిడి ఇచ్చే పట్టీ అది. దాని గురించి సూటిగానే చెబుతాను: సరిగ్గా వాడితే అది కుక్క ప్రాణం కాపాడే పరికరం; కోపంతో వాడితే కుక్కను పాడుచేసే పరికరం. ముందు పెరట్లో, తాడు మీద, కాలర్ ప్రమేయం లేకుండా "నో" అనే మాటకు అర్థం నేర్పాం. తర్వాత అతి తక్కువ స్థాయిలో, చెవి కదిపేంత తాకిడితో, ఆ మాటను గుర్తు చేయడం నేర్పాం. ఆ పైనే జింకలున్న చోటికి తీసుకెళ్లాం. కుక్క జింకను చూసి, తాడు బిగించి, నేను మాట చెప్పాక కూడా బిగించినప్పుడు మాత్రమే బటన్ నొక్కాను.

మా బృందానికి కచ్చితమైన నిబంధన ఒకటి ఉంది. కంటికి కనబడని కుక్క మీద బటన్ నొక్కకూడదు, అది జింక వెంట పోతోందని నేలమీద గుర్తులు చూసి నిర్ధారించుకుంటే తప్ప. ఒకే కోనలో పిల్లీ జింకా రెండూ నడిచి ఉంటాయి. కుక్క పిల్లి జాడను విప్పుతున్న క్షణంలో దెబ్బ తగిలితే, ఆ కుక్కకు పిల్లి వాసనే భయమైపోతుంది. అలా పాడైన కుక్కలు నాకు చాలా తెలుసు; బాగుపడినవి చాలా తక్కువ. జీపీఎస్ గీత ఇక్కడ సాయం చేస్తుంది. జింక వెంటపడ్డ కుక్క గీత తిన్నగా, వేగంగా, కిలోమీటర్ల తరబడి పోతుంది. పిల్లి వెంట ఉన్న కుక్క గీత చిక్కుపడిన నూలులా ఒకే చోట ముడులు పడి ఉంటుంది. అనుమానముంటే నడిచి వెళ్లి చూడాలి. నడవడానికి బద్ధకించేవారికి ఈ పని వద్దు.

ఒవైహీలో పశువులు కూడా వేసవంతా కంచెల్లేని మేతభూముల్లో తిరుగుతాయి. ఆవులు, గొర్రెల దగ్గర రూబీ మొదటి నుంచీ మర్యాదగానే ఉంది. దాని మీద సమయం పెట్టాల్సిన పని పడలేదు.

హాంక్ వెనుక నడిపించడం

హాంక్ మా ముసలి బ్లూటిక్ జాతి హౌండ్. వేగం లేదు. పిల్లి నడిచిన గుర్తు గుర్తుకూ ముక్కు పెట్టి చూసే రకం. జాడ తెగితే అరుపు ఆపేస్తుంది, వెనక్కి తిరిగి చివరిసారి వాసన ఉన్న చోటికే వస్తుంది, అక్కడ నిలబడి తల ఎత్తి గాలి చూస్తుంది. చిన్న చుట్టు, కాస్త పెద్ద చుట్టు, ఇంకా పెద్ద చుట్టు. ఇదంతా చేస్తూ ఎవరివైపూ చూడదు.

కుక్క కుక్కను చూసి నేర్చుకుంటుందని అందరూ అంటారు. నేను చూసినంతలో అది సగం నిజం. చిన్న కుక్క పెద్దదాని పద్ధతిని అనుకరించదు. పెద్దది విప్పిన జాడ మీదకు ఉరికి పరుగెత్తడమే నేర్చుకుంటుంది. కాబట్టి ఇద్దరినీ కలిపి వదిలి చేతులు దులుపుకోలేదు. రూబీని పొడవాటి తాడు మీద పట్టుకుని హాంక్ వెనుక నడిచాను. ముందురోజు రాత్రి నడిచిన, బాగా చల్లారిన జాడలనే ఎంచుకున్నాను. వాటి మీద పరుగు సాధ్యం కాదు. ఒక్కో పొదకు ముక్కు ఆనించి, ఆకు అడుగున పట్టిన వాసనను బట్టి ముందుకు వెళ్లాలి. రూబీ మొదట్లో గొంతు చించుకుని తాడు లాగింది. లాగినప్పుడు నేను కదలలేదు. ముక్కు దించినప్పుడు తాడు వదులైంది. దానికి నేను ఒక్క మాట కూడా చెప్పలేదు. కొన్ని వారాలకు ముక్కు దించడం అలవాటైంది. అరుపు కూడా మారింది. తాజా జాడ మీద పొట్టి పొట్టి అరుపులు అరిచే కుక్క, చల్లారిన జాడ మీద పొడుగ్గా, ఆగి ఆగి ఒక్కొక్క అరుపు వేయసాగింది. హౌండ్లతో పనిచేసే వారెవరికైనా ఆ మార్పు వినగానే తెలుస్తుంది.

మంచు గురించి ఒక మాట. మైనస్ 15 డిగ్రీల పొడి మంచులో జాడ కళ్లకు స్పష్టంగా కనిపిస్తుంది, ముక్కుకు దాదాపు ఏమీ అందదు. సున్నా దగ్గర, కాస్త చెమ్మ ఉన్న మంచులో వాసన బాగా నిలుస్తుంది. పొద్దెక్కి మంచు కరగడం మొదలైన అరగంట అన్నిటికన్నా మంచిది. గడ్డకట్టిన వాసన అప్పుడే పైకి లేస్తుంది. కొత్త కుక్కను గెలిపించాలంటే ఆ అరగంటను వాడుకోవాలి. మనిషికి గుర్తులు బాగా కనిపించే రోజు, కుక్కకు పని సులువైన రోజు వేర్వేరని గ్రహించక చాలామంది కుక్కను తిట్టుకుంటారు.

సాయం మానడం

ఈ కేసులో అసలు పని ఇదే, చూసేవాళ్లకు ఏమీ చేయనట్లు కనిపించే పని. రూబీని తాడు విప్పి ఒంటరిగా వదలడం మొదలుపెట్టాక, జాడ తెగినప్పుడు నేను ఆగిపోయేవాణ్ణి. మంచులో పిల్లి ఎటు వెళ్లిందో నాకు కనిపిస్తూనే ఉంటుంది. చేయి చూపిస్తే అర నిమిషంలో తెమిలిపోతుంది. అయినా చూపించలేదు. అది నావైపు చూస్తే వీపు తిప్పేవాణ్ణి. దగ్గరకు వస్తే ఒక దుంగ మీద కూర్చుని ఊరుకునేవాణ్ణి. మా బృందంలోని జీవశాస్త్రవేత్తకు ఇది మింగుడుపడలేదు. "పిల్లి తప్పించుకుపోతోంది కదా" అన్నారు. పోనివ్వండి అన్నాను. పిల్లి ఆ కోనలోనే ఉంటుంది. కుక్క ఈ పాఠం తప్పితే దానికి మళ్లీ నేర్పడం కష్టం.

ఆ శీతాకాలం చివర్లో జరిగిన ఒక జాడను వివరంగా చెప్పాలి. పిల్లి ఒక రాతి అంచు వెంబడి నడిచి, ఎండిన జూనిపర్ దుంగ మీదికి ఎక్కి, దుంగ చివరి నుంచి తన వెనుక జాడ మీదకే తిరిగి వచ్చింది. పదిహేను అడుగులు వెనక్కి నడిచి, అక్కడి నుంచి కింది అరుగు మీదికి దూకింది. కింద మంచు లేదు, గాలికి ఊడ్చుకుపోయిన నల్లరాయి. రూబీ దుంగ చివరి దాకా గొంతు విప్పుతూ వెళ్లి, గాల్లోకి చూసి, అరుపు ఆపింది. ముందుకు దూసుకుపోవాలని ఒళ్లంతా బిగుసుకుంది. వెళ్లలేదు. దుంగ మీదే వెనక్కి తిరిగింది. చుట్లు మొదలుపెట్టింది, రెండో చుట్టులో అంచు దగ్గరకు వచ్చి, తల కిందికి వంచి, అరుగు నుంచి పైకి లేస్తున్న గాలిని పట్టింది. ఎండ పడిన కోనలో గాలి కింది నుంచి పైకి వస్తుంది. ఆ గంటలో అది కుక్కకు అనుకూలించింది. దిగడానికి దారి వెతుక్కుని, రాళ్ల మధ్య దిగి, అరుగు మీద ఒక్క పొడుగాటి అరుపు వేసింది. ఇంతసేపట్లో నావైపు ఒక్కసారి కూడా చూడలేదు. దాన్ని చూసి నా గొంతు పూడుకుపోయింది.

ఆ పిల్లి చివరికి రాళ్ల సందులోకి దూరింది. సందులో ఉన్నదాన్ని మేము పట్టం. కుక్కను తాడు కట్టి, మెచ్చుకుని, వెనక్కి వచ్చేశాం.

మంచు లేని నేల, మొదటి కాలర్

రెండో శీతాకాలంలో పని మంచు లేని నేల మీదకు మారింది. ఇక్కడ నాకు కళ్లతో తనిఖీ చేసే వీలు లేదు, కుక్కనే నమ్మాలి. సేజ్‌బ్రష్ పొదల ఉత్తరపు వాలులో, నీడ ఉన్న చోట, రాత్రి మంచుబిందువులు ఆరకముందే వదిలాం. రూబీ ఒక్కతే చల్లారిన జాడ పట్టి, నిద్రపోతున్న పిల్లిని లేపి, ఒక పొట్టి జూనిపర్ ఎక్కించింది. చెట్టు ఎత్తు తక్కువ కావడం మా అదృష్టం. ఎత్తయిన చెట్టు మీద ఉన్నదానికి మేము మత్తు ఇవ్వం, కిందపడితే ఎముకలు విరుగుతాయి. కుక్కను దూరంగా, కంటికి కనిపించని చోట కట్టేశాం. కింద వల పట్టుకుని కెటమీన్, మెడెటొమిడీన్ అనే మత్తు మందులు కలిపి ఇచ్చాం. ఆడ పిల్లి, బరువు ఏడు కిలోలు. కాలర్ బరువు జంతువు బరువులో ఐదు శాతం దాటకూడదన్నది అందరూ పాటించే హద్దు. మాది అందులో సగం కూడా లేదు. పని అయ్యాక మత్తు విరిచే అటిపమెజోల్ ఇచ్చి, అది తన కాళ్ల మీద నడిచి వెళ్లేదాకా దూరం నుంచి కాపలా కాశాం.

చేతి తొడుగులు, మాస్కు లేకుండా ఏ పిల్లినీ ముట్టుకోవద్దు. అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో బాబ్‌క్యాట్‌ల ద్వారా మనుషులకు ప్లేగు సోకిన సందర్భాలున్నాయి. 2007లో గ్రాండ్ కాన్యన్‌లో ఎరిక్ యార్క్ అనే వన్యప్రాణి జీవశాస్త్రవేత్త, చనిపోయిన కొండసింహాన్ని కోసి పరీక్షించిన తర్వాత ప్లేగుతోనే మరణించారు. కుక్కకూ ఫ్లీలు (ప్లేగును మోసే గెంతే పురుగులు), పేలు పట్టకుండా మందు తప్పనిసరి.

ఇప్పటి పరిస్థితి

రూబీ ఇప్పుడు మా ప్రధాన కుక్క. మధ్యాహ్నం దాటాక, ఎండిన దక్షిణపు వాలుల్లో ఇంకా తడబడుతుంది. అక్కడ హాంక్ కూడా తడబడేది కాబట్టి దాన్ని లోపంగా నేను రాసుకోలేదు. లావా రాళ్ల మీద పాదాలు త్వరగా అరుగుతాయి. ప్రతి పని తర్వాత వేళ్ల సందులు చూసి, చీలిక కనిపిస్తే మానేదాకా విశ్రాంతి ఇస్తున్నాం. మేత విషయంలో పనికి ముందు కడుపు నింపడం లేదు, నిండు కడుపుతో పరుగెత్తితే పొట్ట మెలిపడే ప్రమాదం ఉంది. సాయంత్రం ఒళ్లు చల్లబడ్డాక, కొవ్వు ఎక్కువున్న ఆహారం రెండింతలు పెడుతున్నాం. జింకల మందల మధ్య నుంచి తాడు లేకుండా నడుస్తుంది.

వసంతం దగ్గరపడగానే పని ఆపేస్తాం. బాబ్‌క్యాట్‌లు ఎక్కువగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో జతకట్టి, రెండు నెలలకు పిల్లలు పెడతాయి. పాలిచ్చే తల్లిని తరమడం మా అనుమతిలోనూ లేదు, మా మనసులోనూ లేదు. వచ్చే డిసెంబరులో మంచు పడగానే రూబీ వెనుక ఒక కొత్త మగపిల్లను తాడు మీద నడిపించాలన్నది పథకం. దాన్ని రాకూన్‌ల మీద ఒక్కసారి కూడా వదలలేదు.